మసిగుడ్డ కుళాయి

మా మరిది ప్లంబరు. పేటలో ఎవరింట్లో కుళాయి కారినా ముందు అతనికే కబురు వస్తుంది. అతను చెయ్యి వేసిన కుళాయి మళ్ళీ కారదు. అంత గట్టిగా బిగిస్తాడు. ఒక్కోసారి మరీ గట్టిగా బిగించేసరికి ఇంటావిడ తిప్పలేక, కుళాయి తెరిచిపెట్టమని మళ్ళీ కబురు పెడుతుంది. అందుకే వీధి వీధంతా అతనికి 'బిగింపు' అని పేరు పెట్టేసింది. ఎదురుగా అయితే మేస్త్రీగారు, వెనక బిగింపు. ఆ పేరు అతనికి తెలుసు. తెలియనట్టే తిరుగుతాడు కానీ లోలోపల ఇష్టమే.

అంతటివాడి ఇంట్లో పెరటి కుళాయి ఏళ్ల తరబడి కారింది.

మా ఇల్లు రెండు వాటాలు. ముందు వాటాలో మరిది, తోడికోడలు ఉంటారు. వెనకవైపు గది, దాని పక్క వంటిల్లు నావి. రెండు వాటాలకూ పెరడు ఒక్కటే. ఒక మూల పాత పైపుల కుప్ప, ఇంకో మూల బట్టలుతికే బండ, బండ మీద ఆ ఇత్తడి కుళాయి. దాన్ని అక్కడ పెట్టింది మా ఆయన. ఆయనా ప్లంబరే. తమ్ముడికి పానా పట్టడం నేర్పిందీ ఆయనే. ఆయన పోయాక కూడా కుళాయి కారుతూనే ఉంది. చుక్క పడేది, కాసేపు ఊరుకునేది, మళ్ళీ పడేది. పడీ పడీ బండ మీద దోసిలంత గుంట పడింది. గుంట నిండి పొర్లిన నీళ్లు పక్కనున్న పుదీనా కుండీలోకి పోయేవి.

నేనూ తోడికోడలూ చెప్పీ చెప్పీ అలిసిపోయాం. చెప్పినప్పుడల్లా "రేపు" అనేవాడు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. మా ఇంట్లో మేస్త్రీయే పెరటికి పనికిరాలేదు.

ఎండలు అప్పుడప్పుడే ముదురుతున్న రోజుల్లో ఇనుప సామాన్ల కొట్టు పెద్దాయన ఏదో లెక్క మాట్లాడడానికి వచ్చి పెరట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మా మరిది తీసుకునే పైపులూ టేపులూ అన్నీ ఆయన కొట్టులోవే. మనిషి మంచివాడే, నోరు మాత్రం ఊరికే ఉండదు. మజ్జిగ తాగుతూ చెవి అటు పెట్టి విన్నాడు.

"తాళం బాగానే వేస్తోంది మేస్త్రీ. పాట ఎప్పుడు మొదలెడతారు?" అన్నాడు.

అంతే. మేమిద్దరం ఏళ్లపాటు మొత్తుకున్నది చెవిటివాడి ముందు శంఖం. బయటివాడు ఒక్కమాట అనేసరికి పిడుగు పడ్డట్టయింది. ఆ మధ్యాహ్నం మరిది భోజనానికి కూడా కూర్చోలేదు. పాత కుళాయి ఊడబెరికి కొత్తరకం కుళాయి పెట్టాడు. దాని పిడి ఇటు తిప్పితే ధార, అటు తిప్పితే రాయి. మధ్యలో ఇంకేమీ లేదు. కుళాయి కింద పొడి కాయితం పరిచి, సాయంత్రం మమ్మల్ని పిలిచి చూపించాడు.

"చూడు వదినా. ఒక్క చుక్క ఉంటే చూపించు."

కళ్లజోడు పెట్టుకుని వంగి చూశాను. చుక్క లేదు, చీమ ఉంది. ఆ మాటే అన్నాను.

"చీమకి నా పూచీ లేదు" అన్నాడు.

ఊడదీసిన ఇత్తడి కుళాయిని తుడిచి నా చేతిలో పెట్టాడు. అన్నయ్యది, పారెయ్యబుద్ధి కాలేదు, నువ్వే ఉంచుకో అన్నాడు. నేనూ మర్యాదగానే ఉంచుకున్నాను. బాగా బరువుగా ఉండడంతో పాలగిన్నె మూత మీద పెట్టాను. మూత మీద బరువు లేకపోతే మా ఇంట్లో పాలు నిలవవు. దానికి కారణం మసిగుడ్డ.

మసిగుడ్డ ఎవరూ పెంచిన పిల్లి కాదు. గోడల మీద పుట్టి గోడల మీదే పెరిగింది. బూడిదరంగు ఒంటి మీద అక్కడక్కడ నల్లటి మరకలు. పొయ్యి మీది గిన్నెలు దించీ దించీ నలిగిన గుడ్డలా ఉంటుందని తోడికోడలు ఆ పేరు పెట్టింది. ఎడమ చెవి ఏ పోట్లాటలోనో సగం పోయింది. మనిషి ఒక్క అడుగు ముందుకేస్తే అది గోడెక్కి ఉంటుంది. చేప తలకాయలు వేస్తే మేం లోపలికెళ్లి తలుపు వేసేదాకా ముట్టదు, అంత మర్యాదస్తురాలు. పాలగిన్నె దగ్గర మాత్రం ఆ మర్యాద ఏ గోడ మీద మరిచి వచ్చేదో తెలియదు.

కుళాయి మారాక అందరికంటే ముందు వాడిపోయింది పుదీనా. రెండురోజుల్లో తోడికోడలు కనిపెట్టి, పొద్దునా సాయంత్రం చెంబుతో నీళ్లు పొయ్యడం మొదలెట్టింది. పుదీనా దాహం మాకు అంత తొందరగా తెలిసింది. ఆ గుంటలో నీళ్లు ఇంకెవరైనా తాగేవారేమో అన్న ఆలోచన మాత్రం ఇద్దరు ఆడవాళ్లలో ఒక్కరికీ రాలేదు.

ఎండ ముదిరింది. మధ్యాహ్నమైతే పెరట్లో కాలు పెట్టేటట్టు లేదు. ఆ ఎండల్లోనే మసిగుడ్డ పైపుల కుప్ప వెనక ఈనింది. మూడు పిల్లలు. రెండు తల్లి రంగువి, ఒకటి మాత్రం ఎవరి పోలికో పసుపు. తోడికోడలు రోజూ గోడవారగా నిలబడి వాటి అరుపు విని వచ్చి నాకు చెప్పేది. మొదట్లో ఆ గొంతులు కోపంగా ఉండేవట. తరవాత తరవాత సన్నబడ్డాయట.

మసిగుడ్డ తీరూ మారింది. వేసిన చేప తలకాయ వేసినట్టే ఉండి చీమలు పట్టేది. అది బండ మీద కూర్చుని కుళాయి వంక చూసేది. నోరు తెరుచుకుని కుక్కలా రొప్పేది. పిల్లి అలా రొప్పడం నేనెప్పుడూ చూడలేదు. పక్కటెముకలు బయటపడ్డాయి.

"పిల్లతల్లి అక్కా" అంది తోడికోడలు. "దాని గొంతే ఎండిపోతే పాలెక్కణ్ణించి వస్తాయి? ఇది పోతే ఆ మూడూ పోతాయి."

ఆవిడ మామూలుగా పిల్లిని తిట్టకుండా దాని పేరు ఎత్తేది కాదు. ఆ రోజు తిట్టలేదు. అందుకే నాకు భయం వేసింది.

ముందు పాలు పోసింది. పిల్లికి పాలకంటే ఏముంటుందనుకుంది, నేనూ అలాగే అనుకున్నాను. ఇన్నాళ్లూ దొంగతనంగా తాగినవాటిని ఇప్పుడు పిలిచి పోస్తున్నామన్న గొప్ప కూడా కొంచెం ఉంది మాకు. దొంగిలించిన నాలుగు గుక్కలు అరిగేవేమో గానీ పిలిచి పోసిన గిన్నెడు అరగలేదు. మర్నాడు పొద్దున్న ఆ సంగతి మరిది పనిసంచీ మీదే తెలిసింది. సంచీ ఉతుకుతూ తోడికోడలు తనను తానే తిట్టుకుంది. ఉన్న కాస్త నీరూ బయటికి పోయేలా చేశానంది. ఇక పాలు బంద్.

తరవాత స్టీలు గిన్నెలో నీళ్లు పెట్టింది. చేప తలకాయ పక్కనే, చక్కగా, మనుషులకు వడ్డించినట్టు. పొద్దెక్కేసరికి ఆ నీళ్లలో వేలు పెడితే చురుక్కుమంది. ఇంకాసేపుంటే టీపొడి వేసుకోవచ్చు. నేను ప్లాస్టిక్ డబ్బా తెచ్చి నీడలో పెట్టాను. అది సబ్బుపొడి డబ్బా. ఎంత కడిగినా దాని వాసన దానిదే. మసిగుడ్డ వచ్చి, వాసన చూసి, నా వంక ఒక చూపు చూసి వెళ్లిపోయింది. ఆ చూపు మా అత్తగారి దగ్గర తప్ప ఇంకెక్కడా చూడలేదు నేను.

పశువుల డాక్టరుకు చూపిద్దామని తోడికోడలు వెళ్లి అడిగి వచ్చింది. తీసుకురండి అన్నారట. తీసుకెళ్లడానికి అది సంచీలో కూర్చుంటే కదా.

మరిదికి ఇదంతా నవ్వులాటగా ఉండేది. "రెండు వంటిళ్లున్నాయి, ఇద్దరు ఆడవాళ్లున్నారు. ఒక్క పిల్లిచేత నీళ్లు తాగించలేకపోయారు" అనేవాడు. గిన్నెలో పెట్టిన నీళ్లు ముట్టలేదంటే దానికి దాహం లేనట్టేనని తేల్చేసేవాడు. వీధిలో ఇంకెక్కడో తాగి వస్తుందిలే అనేవాడు.

ఎక్కడ తాగుతుంది? ఆ వీధిలో ఏ ఇంట్లోనూ చుక్క కారదు. అన్నీ అతను బిగించినవే.

ఒకరోజు వంటింటి కిటికీలోంచి చూస్తుంటే నాకు సంగతి అర్థమైంది. మసిగుడ్డ బండెక్కి ఎండిన గుంటను నాకింది. మళ్ళీ నాకింది. తరవాత ముందుకాలు చాపి కుళాయి మూతిని తట్టి, ఆ కాలు నాక్కుంది. దానికి తెలిసిన నీళ్లంటే అవే. పైనుంచి పడాలి, చప్పుడు కావాలి, గుంటలో నిలవాలి. మేం కదలకుండా పెట్టిన గిన్నెలు దాని కంటికి గిన్నెలే గానీ నీళ్లు కావు. పైగా తిండి పక్కన నీళ్లు పెట్టడం మనకు మర్యాద, దానికి అనుమానం. ఇన్నేళ్లూ చేప తలకాయ తినడానికి వస్తోందనుకున్నాను. తినేది ఈ చివర, తాగేది ఆ చివర అన్న సంగతి ఎన్నడూ చూసుకోలేదు.

తోడికోడలికి చెప్పాను. ఇద్దరం కలిసి కొత్త కుళాయి పిడిని వెంట్రుకవాసి తిప్పాం. చుక్క పడలేదు, సన్నటి ధార పడింది. ఇంకొంచెం వెనక్కి తిప్పితే రాయి. సరే, ధారే పడనీ అని అలాగే వదిలేసి లోపలికెళ్లి పడుకున్నాం. ధారకు బెదిరిందేమో, మసిగుడ్డ ఆ ఛాయలకు రాలేదు. మేడ మీది ట్యాంకు మాత్రం మెల్లగా ఖాళీ అయిపోయింది.

ఆ రోజే మరిది ఎవరిదో మురుగు పైపు బాగుచేసి వచ్చి నేరుగా స్నానాల గదిలోకి వెళ్లాడు. తలకు సబ్బు రుద్దుకున్నాక నీళ్లు ఆగిపోయాయి. కళ్లు మూసుకుని, తువ్వాలు చుట్టుకుని, నెత్తిన నురగతో గోడ తడుముకుంటూ పెరట్లోకి వచ్చాడు. మబ్బొకటి నడిచి వచ్చినట్టుంది.

సంగతి విని, పిల్లి కోసం కట్టుకున్న మొగుణ్ణి నురగలో నిలబెట్టావన్నాడు భార్యతో.

"పిల్లి తన ఒళ్లు తనే నాక్కుంటుంది" అంది తోడికోడలు, పుదీనా కోసం దాచిన చెంబు నీళ్లు అతని నెత్తిన పోస్తూ. "మీకే అన్నీ కావాలి."

నురగ కారిపోయి అతని కళ్లు తెరుచుకునేదాకా ఆగి అప్పుడు అడిగాను. పాత కుళాయి మళ్ళీ పెట్టమని. అది కారేది కాబట్టే కావాలని.

అతను నా వంక ఎలా చూశాడంటే, వంట నేర్చిన చేతులతోనే అన్నం మాడ్చమంటే మనిషి ఎలా చూస్తుందో అలా చూశాడు.

"నా పెరట్లో, నా చేత్తో, కారే కుళాయి బిగించమంటావా? ఆ కొట్టాయన చెవిన పడితే ఇంకేమైనా ఉందా? రేపు ఎవరింటికెళ్లినా, ముందు మీ ఇంటిది చూసుకో మేస్త్రీ అంటారు. పేరొక్కటే ఉంది వదినా నాకు. అదీ పిల్లికిమ్మంటే ఎలా?"

నవ్వుతూ అనలేదు. చేతిలో పానా పట్టుకున్నప్పటినుంచి కూడబెట్టుకున్నది ఆ పేరొక్కటే అని నాకూ తెలుసు. అందుకని ఖాళీ చెంబు అందుకుని నా వంటింట్లోకి వెళ్లిపోయాను. తోడికోడలు మాత్రం ఆ పూట నుంచి అతనితో మాట మానేసింది. కంచం పెట్టేది, మంచినీళ్లు పెట్టేది కాదు. గ్లాసు ఏదని అడిగితే నా వైపు తిరిగి, "దాహమైతే వీధిలో ఎక్కడైనా తాగొస్తారులే అక్కా" అనేది.

రెండు రోజులు పోయాక వడగాలి. మధ్యాహ్నం పనికి ఒక పైపు ముక్క కావలసి మరిది పెరటి మూలకు వెళ్లాడు. వెళ్లినవాడు తిరిగి రాలేదు. పైపు తీసిన చప్పుడు కూడా లేదు. పాము గానీ కనబడిందేమోనని నేను తలుపు తీసి వెళ్లాను.

కుప్ప వెనక గోడనీడలో గొంతుక్కూర్చుని ఉన్నాడు. అతనికి మూరెడు దూరంలో మసిగుడ్డ ఒక పక్కకు పడుకుని ఉంది. నాలుక కొస బయటికి వచ్చింది. పిల్లలు మూడూ పొట్ట దగ్గర వెతుక్కుంటున్నాయి. పసుపుది వెతకడం మానేసి ఊరికే పడుకుంది.

"పారిపోలేదు వదినా" అన్నాడు. "ఇంత దగ్గరికొచ్చినా పారిపోలేదు. కళ్లు తిప్పి చూసింది, అంతే."

అతను పైపు వేస్తుంటే ఎన్నోసార్లు అడ్డొచ్చి, తన్నబోతే అందకుండా పారిపోయిన పిల్లి అది. తోడికోడలు కూడా వచ్చి మూతలో నీళ్లు పోసి కర్రతో మెల్లగా దాని ముందుకు తోసింది. మసిగుడ్డ పళ్లు చూపించి వెనక్కి జరిగింది. ఆ మూత వంక చూడనే లేదు.

మరిది లేచాడు. "అన్నయ్య కుళాయి ఏది?" అన్నాడు.

వంటింట్లోకి వెళ్లి పాలగిన్నె మూత మీంచి తెచ్చి ఇచ్చాను. ఇన్నాళ్లూ దాన్ని ఎక్కడ పెట్టానో అప్పుడు చూశాడు. ఏమీ అనలేదు. తరవాత అనడానికి దాచుకున్నాడని మాత్రం తెలిసింది.

కుళాయి మార్చడానికి ఎంతోసేపు పట్టలేదు. దాన్ని కారేలా చెయ్యడానికే పట్టింది. మొదట బిగించినప్పుడు మిషను కుట్టినట్టు దడదడా పడింది. కొంచెం తిప్పితే పూర్తిగా ఆగిపోయింది. వదులు చేస్తే మళ్ళీ దడదడ. చెమట కారుతోంది, కుళాయి కారవలసినట్టు కారడం లేదు. నాలుగుసార్లు తిప్పినా చివరికొచ్చేసరికి అతని మణికట్టు దానంతటదే ఒక పట్టు ఎక్కువ పట్టేది.

"చెయ్యి ఊరుకోవట్లేదు వదినా. ఆపడమే తెలుసు దీనికి" అన్నాడు.

తోడికోడలికి మాట మానేశానన్న సంగతి గుర్తులేదు. పక్కన నిలబడి మెల్లగా, మెల్లగా అంటోంది. ఉండుండి, బావగారు పిల్లుల కోసమే దీన్ని ఇలా వదిలేసి ఉంటారక్కా అంది. మీ బావగారి సంగతి నాకు తెలుసు, బద్ధకంతో వదిలేశారు అన్నాను. మరిది తల ఎత్తకుండానే నవ్వాడు. అన్నను ఎరిగినవాడు కాబట్టి నా మాటే నిజమని అతనికీ తెలుసు.

అప్పుడు నాకు తోచింది. ఆ చుక్క ఎంత ఆగి పడేదో మరిదికి తెలియదు. అతను పగలంతా బయట తిరిగే మనిషి. అది నా కిటికీ కింద ఏళ్ల తరబడి పడింది. కూరలు తరిగినా, పడుకున్నా, ఆయన పోయిన ఏడాదంతా గోడ వంక చూస్తూ కూర్చున్నా, పక్కన అదొకటి పడుతూనే ఉండేది. లోపలికెళ్లి గరిటె తెచ్చుకుని కిటికీ గట్టు మీద కొట్టాను. కొట్టి ఆగాను. మళ్ళీ కొట్టాను. చెయ్యి ఎక్కడా తడబడలేదు.

"ఇదీ దాని నడక" అన్నాను. "దీనికి కలుపు."

అతను చెవి కుళాయికి ఆనించి, రెండు వేళ్లతో, పసిపిల్ల చెవికి దుద్దు పెట్టినట్టు తిప్పాడు. నా గరిటె ముందు పడేది, చుక్క వెనక పడేది. మళ్ళీ చుక్క ముందు పడేది. నేను కొడుతూనే ఉన్నాను. ఒక దగ్గర రెండూ కలిశాయి. గరిటె ఆపేశాను, చుక్క ఆగలేదు. మరిది వేళ్లు తీసేసి చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నాడు, మళ్ళీ ఎక్కడ బిగించేస్తాయోనని.

గుంట నిండే దాకా ఆగకుండా తోడికోడలు వెడల్పాటి మట్టి మూకుడు కడిగి తెచ్చి చుక్క కింద పెట్టింది. సగం చల్లటి నీళ్లు పోసింది. నేను చేప తలకాయలన్నీ తీసుకెళ్లి పెరటి రెండో చివర పడేశాను. మరిది గోనెసంచి తడిపి బండ మీదికి ఎండ రాకుండా కట్టాడు. ఆ తరవాత ముగ్గురం లోపలికి వచ్చి తలుపు వేసి, ఒక్క కిటికీ దగ్గర ముగ్గురం ఇరుక్కుని నిలబడ్డాం.

చాలాసేపు ఏమీ లేదు. చుక్క పడుతోంది, మూకుట్లో గుండ్రటి అల లేచి అంచుదాకా వెళ్లి పోతోంది. తోడికోడలు నా చెయ్యి పట్టుకుంది. గాజులు గుచ్చుకుంటున్నా ఊరుకున్నాను. పైపుల సందులోంచి మసిగుడ్డ తల ఒక్కటీ కనిపిస్తోంది, నేలమీద ఆనించి.

ముందు చెవి కదిలింది. ఆ సగం చెవే. చుక్క పడ్డ వైపు తిరిగింది. ఇంకో చుక్క పడింది. తల లేచింది. పిల్లల్ని విదిలించుకుని, నడుము ఈడ్చుకుంటూ, ఆగి ఆగి వచ్చింది. బండ ఎక్కడానికి రెండుసార్లు జారింది. మరిది కిటికీ ఊచలు పట్టుకుని, తనే ఎక్కుతున్నట్టు మడమలెత్తాడు. మూడోసారి ఎక్కింది. పడే చుక్కను కాసేపు చూసింది. కాలితో తట్టింది. కాలు నాక్కుంది. తరవాత మూకుట్లో మూతి పెట్టింది.

ఎంత తాగిందో చెప్పలేను. తాగుతుంటే గొంతు కదలడం ఇక్కడికి కనిపించింది. మధ్యలో తల ఎత్తి మా కిటికీ వైపు చూసింది. ముగ్గురం కిందికి వంగాం, మా ఇంట్లో మేమే దొంగల్లా.

"ఇంతసేపా మహారాణి" అని తిట్టింది తోడికోడలు. తిట్టు తిరిగి రావడం విని నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ తరవాత మొగుడి చేతికి మంచినీళ్ల గ్లాసు ఇచ్చింది. అతను తాగి, పాలగిన్నె మీద అన్నయ్య కుళాయి పెట్టిన వదిన్ని నిన్నొక్కదాన్నే చూశాను అన్నాడు. నేను చెప్పాను కదా, దాచుకున్నాడని.

సాయంత్రానికి పిల్లల గొంతుల్లో మళ్ళీ కోపం వినిపించింది. పసుపుదాని గొంతు అన్నిటికంటే ఆలస్యంగా వచ్చింది. వచ్చాక ఇక ఆగలేదు.

ఆ వారంలోనే కొట్టు పెద్దాయన వచ్చాడు. అదే కుర్చీ, అదే మజ్జిగ. కూర్చుంటూనే చెవి అటు పెట్టాడు. మొహం వెలిగిపోయింది. మరిది పైపుకు మర వేస్తున్నవాడల్లా ఆపాడు. నేనూ తోడికోడలూ గుమ్మం దగ్గర ఆగిపోయాం.

"ఏం మేస్త్రీ, మళ్ళీ మొదలైందే. బిగింపు సడలిందా?"

ఎదురుగా ఆ పేరు అన్నవాళ్లు అదివరకు లేరు. మరిది చెవులు ఎర్రబడ్డాయి. తల వంచుకుంటాడనుకున్నాను. చెయ్యెత్తి బండ వైపు చూపించాడు. మూకుడు దగ్గర మసిగుడ్డ, దాని వెనక మూడు పిల్లలు. ఇంకా ఆవలగా గోడ మీద, ఎప్పుడూ చూడని నల్లపిల్లి ఒకటి తన వంతు కోసం కూర్చుని ఉంది.

"అది కారడం కాదు పెద్దాయనా. మేమే కారిస్తున్నాం. చుక్క ఆపడం ఎవడైనా చేస్తాడు. ఇలా పడేటట్టు చెయ్యడం మీ కొట్టుకొచ్చే మేస్త్రీల్లో ఎవడికొచ్చో కనుక్కోండి."

పెద్దాయన నవ్వాడు. నవ్వి, ఆ సంగతి వీధి చివరిదాకా మోసుకుపోయాడు. మరిది అనుకున్నంతా అయింది. ఇప్పుడు ఎవరింటికెళ్లినా ముందు మీ పిల్లులెలా ఉన్నాయి మేస్త్రీ అని అడుగుతున్నారట. ఒకావిడైతే కుళాయి బాగుచేయించుకుని, పెరటిది మాత్రం ముట్టుకోవద్దు బాబూ, పాపం పిల్లులు అందట. మొదట్లో ఇంటికొచ్చి చిరాకుపడేవాడు. ఈమధ్య నవ్వుతూ చెబుతున్నాడు. పాత పేరు పోలేదు. దాని పక్కన ఇంకొకటి చేరింది, అంతే.

పొద్దున్నే మూకుడు కొబ్బరిపీచుతో తోమడం నా పని. తోమకపోతే అడుగున జారుడు పడుతుంది, మహారాణికి నచ్చదు. తోడికోడలు గోడ అవతల నీడలో ఇంకో మూకుడు పెట్టింది, నల్లపిల్లి సిగ్గరి కాబట్టి. పుదీనా మళ్ళీ గుబురుగా లేచింది. దాన్ని కొయ్యాలంటే పిల్లి పిల్లల్ని పక్కకు జరపాలి.

నిన్న మధ్యాహ్నం కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది, ముగ్గురం నా గదిలో చల్లగా ఉంటుందని నేలమీద పడుకున్నాం. మరిది గురక అందుకున్నాడు. ఎండకు వీధిలో మనిషి అలికిడి లేదు. కిటికీ కింద చుక్క పడుతోంది. నేను వింటూ వింటూ మాగన్నుగా ఉన్నాను.

గురక ఆగింది.

"వదినా, నెమ్మదించినట్టు లేదూ?" అన్నాడు కళ్లు తెరవకుండానే.

విన్నాను. నిజమే, నెమ్మదించింది. ఆ కుళాయి కారుతోంది లేవయ్యా అని ఎన్నేళ్లు బతిమాలినా లేవని మనిషి, సరిగ్గా కారడం లేదని ఆ మండుటెండలో లేచి, చెప్పులు వెతుక్కుంటూ పెరట్లోకి వెళ్లాడు. నేను చెయ్యి చాపి గరిటె అందుకున్నాను.